తొమ్మిది ఫిల్టర్ల నిష్క్రమణ

2020 నవంబరులో డీపీడీకే అనే నెట్‌వర్క్ డ్రైవర్ల లైబ్రరీ 20.11 కూర్పు విడుదలైంది. కొత్తగా చేరిన సదుపాయాల జాబితా ఎప్పటిలాగే పొడుగ్గా ఉంది. దానికి దిగువన, తీసేసినవాటి జాబితాలో ఒక చిన్న పద్దు ఉంది. పాత ఫిల్టర్ ఏపీఐని తొలగించామని దాని సారాంశం. పోయినవి రెండు ఫంక్షన్లు, వాటితో పనిచేసే తొమ్మిది రకాల ఫిల్టర్లు. వీటి స్థానంలోకి రావలసిన కొత్త ఇంటర్‌ఫేస్ 2017 ఫిబ్రవరిలోనే లైబ్రరీలోకి వచ్చేసింది. అంటే వారసుడు వచ్చాక కూడా పాతదాన్ని సాగనంపడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది.

ఆ నాలుగేళ్లలో జరిగిన పని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. కొత్త సదుపాయం చేర్చినవారి పేరు సభల్లో వినిపిస్తుంది. పాత కోడ్‌ను జాగ్రత్తగా విడదీసి, దాని మీద ఆధారపడ్డవారెవరూ నష్టపోకుండా బయటికి తీసినవారి పని మాత్రం మార్పుల చరిత్రలో నాలుగు వరుసలై మిగులుతుంది. నా దృష్టిలో రెండో పనే కష్టమైనది. చేర్చేటప్పుడు మన కోడ్ ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు. తీసేటప్పుడు, ఆ కోడ్‌ను నమ్ముకుని మనం ఎన్నడూ చూడని మనుషులు రాసుకున్న ప్రోగ్రాములన్నిటినీ ఊహించుకోవాలి.

ముందుగా డీపీడీకే ఎందుకు పుట్టిందో చూద్దాం. మామూలు కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డుకు ప్యాకెట్ అందగానే కార్డు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నెల్ చేస్తున్న పని ఆపి, ఆ ప్యాకెట్‌ను అందుకుని, పొరలు పొరలుగా విప్పి, చివరకు మన ప్రోగ్రాముకు కాపీ చేసి ఇస్తుంది. ఇంట్లో సినిమా చూడటానికి ఈ ఏర్పాటు ధారాళంగా సరిపోతుంది. టెలికాం సంస్థ మధ్యలో కూర్చుని లక్షల మంది ఫోన్ల ట్రాఫిక్‌ను మళ్లించే సర్వర్‌కు మాత్రం సరిపోదు.

లెక్క కడితే సంగతి తెలుస్తుంది. ఈథర్నెట్‌లో అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. దాని ముందు వచ్చే గుర్తులు, రెండు ఫ్రేముల మధ్య వదలాల్సిన ఖాళీ కలుపుకుంటే కేబుల్ మీద 84 బైట్ల చోటు తీసుకుంటుంది. సెకనుకు 10 గిగాబిట్లు మోసే కేబుల్ మీద ఇలాంటివి సెకనుకు దాదాపు 1 కోటి 48 లక్షల 80 వేలు రాగలవు. ఒక్కోదానికి దక్కే సమయం 67.2 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్ కోర్‌కు అది సుమారు 200 క్లాక్ సైకిళ్లు. కావలసిన డేటా క్యాష్‌లో లేక ప్రధాన మెమొరీ దాకా వెళ్లి తెచ్చుకోవడానికే ఇంచుమించు అంత సమయం పోతుంది. అదే 100 గిగాబిట్ల కేబుల్ అయితే ప్యాకెట్‌కు 6.7 నానోసెకన్లే. ఇంత ఇరుకులో ఇంటరప్టులకు, కాపీలకు చోటు లేదు.

అందుకే డీపీడీకే కెర్నెల్‌ను పక్కన పెట్టేస్తుంది. కార్డును నేరుగా మన ప్రోగ్రాము చేతికే అప్పగిస్తుంది. ఒక కోర్ మొత్తాన్ని కేటాయించి, ‘ప్యాకెట్లు వచ్చాయా, వచ్చాయా’ అని కార్డును ఆగకుండా అడుగుతూనే ఉంటుంది. ఇలాంటి డ్రైవర్లను పోల్ మోడ్ డ్రైవర్లంటారు. 2010లో ఇంటెల్‌లో మొదలైన ఈ లైబ్రరీ బీఎస్‌డీ లైసెన్సు కింద అందరికీ తెరుచుకుంది. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన 6విండ్ సంస్థ చొరవతో బహిరంగ సముదాయంగా మారింది. 2017లో లినక్స్ ఫౌండేషన్ గూటికి చేరింది. ఓపెన్ వీస్విచ్, వీపీపీ వంటి సాఫ్ట్‌వేర్ స్విచ్చులు, రౌటర్లు, ఫైర్‌వాల్స్, మొబైల్ నెట్‌వర్క్ కోర్ సాఫ్ట్‌వేర్లు ఎన్నో దీని మీద నడుస్తున్నాయి.

ఇక ఫిల్టర్ల సంగతి. ప్యాకెట్‌కు 200 సైకిళ్లే ఉన్నప్పుడు, ఏ ప్యాకెట్ ఏ కోర్‌కు వెళ్లాలో తేల్చడానికే వాటిలో సగం ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు. ఆ పని కార్డే చేసిపెడితే మేలు. నేటి కార్డుల్లో పదుల కొద్దీ, వందల కొద్దీ క్యూలుంటాయి. ఒక్కో కోర్‌కు ఒక్కో క్యూ అప్పగిస్తారు. ‘ఫలానా ఐపీ అడ్రస్ నుంచి ఫలానా పోర్టుకు వచ్చే యూడీపీ ప్యాకెట్లను మూడో క్యూలో వెయ్యి’, ‘ఈ అడ్రస్ నుంచి వచ్చేవన్నీ పారెయ్యి’ అని ముందే నియమాలు రాసిపెడితే, ప్రాసెసర్‌కు తెలియకుండానే కార్డులోని సర్క్యూట్లు ఆ పంపకం కానిచ్చేస్తాయి. దాడి చేసేవాడు సెకనుకు కోటి ప్యాకెట్లు కుమ్మరించినా, అవి కార్డు దగ్గరే ఆగిపోతే మన ప్రోగ్రాముకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఈ నియమాలను కార్డుకు చెప్పే దారే ఫిల్టర్ ఏపీఐ. పాత ఏపీఐ రూపం పైకి చాలా పొందిగ్గా కనిపించేది. ఫిల్టర్ కంట్రోల్ అని ఒకే ఒక ఫంక్షన్. దానికి నాలుగు విషయాలు చెప్పాలి. ఏ పోర్టు, ఏ రకం ఫిల్టర్, చేర్చాలా తీసేయాలా అన్న చర్య, చివరగా వివరాలున్న మెమొరీ చోటుకు ఒక పాయింటర్. ఆ పాయింటర్‌కు రకం లేదు. సీ భాషలో దాన్ని వాయిడ్ పాయింటర్ అంటారు. అక్కడ ఏముందో కంపైలర్‌కు తెలియదు. సిన్ అనే రకం ఫిల్టర్ అడిగి, చేతికి ఫ్లో డైరెక్టర్ అనే ఇంకో రకం వివరాలిచ్చినా కంపైలర్ ఒక్క హెచ్చరిక కూడా చేయదు. డ్రైవర్ మాత్రం ఆ బైట్లను తనకు తోచిన రూపంలో చదువుకుంటుంది. తప్పు ఉంటే అది బయటపడేది ప్రోగ్రాము నడిచేటప్పుడే, అదీ అదృష్టం బాగుంటే. యునిక్స్ కాలం నుంచి ఉన్న ఐయాక్టల్ పిలుపుది ఇదే అచ్చు, ఇదే జబ్బు.

ఇంతకంటే లోతైన ఇబ్బంది ఆ తొమ్మిది రకాల్లోనే ఉంది. వాటి పేర్లు మాక్‌వీల్యాన్, ఈథర్‌టైప్, ఫ్లెక్సిబుల్, సిన్, ఎన్‌టపుల్, టనెల్, ఫ్లో డైరెక్టర్, హ్యాష్, ఎల్2 టనెల్. ప్రోగ్రాము రాసేవాడి అవసరాల నుంచి పుట్టిన విభజనలా ఇది కనిపించదు. ఇంటెల్ 82599 అనే 10 గిగాబిట్ల కంట్రోలర్ చిప్ వివరణ పత్రం తెరిస్తే వీటిలో కొన్నిటి పుట్టుక కళ్లకు కడుతుంది. ఆ చిప్‌లో ఈథర్‌టైప్ చూసి పంచడానికి 8 రిజిస్టర్లున్నాయి. పంపేవాడి అడ్రస్, అందుకునేవాడి అడ్రస్, రెండు పోర్టులు, ప్రొటోకాల్ — ఈ ఐదింటినీ చూసి పంచడానికి 128 ఫిల్టర్లున్నాయి. టీసీపీ సంభాషణ మొదలుపెట్టే సిన్ ప్యాకెట్ల కోసం విడిగా ఒక రిజిస్టరుంది. వేల నియమాలు పట్టే పట్టిక ఇంకొకటి ఉంది. దానికి ఇంటెల్ పెట్టుకున్న పేరు ఫ్లో డైరెక్టర్. సిలికాన్ లోపలి గదుల గోడలు ఎక్కడెక్కడున్నాయో, సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లోనూ సరిగ్గా అక్కడే గీతలు గీశారు.

లైబ్రరీ ఒక్క సంస్థ కార్డులకే పరిమితమైనన్నాళ్లు ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. చిప్‌ను తెలిసినవారు చిప్ భాషలోనే ఇంటర్‌ఫేస్ రాసుకున్నారు, పని వేగంగా సాగింది. బహిరంగమయ్యాక మెలనాక్స్, బ్రాడ్‌కామ్, చెల్సియో, సిస్కో, సోలార్‌ఫ్లేర్ వంటి ఇతరుల కార్డులు వచ్చి చేరాయి. వాటి లోపలి నిర్మాణం వేరు. కొన్నిటిలో ఈ విభజనే ఉండదు, అన్ని నియమాలూ ఒకే పట్టికలోకి వెళతాయి. అలాంటి కార్డుకు డ్రైవర్ రాసేవాడు తన చిప్‌లో లేని గదులను ఉన్నట్టు నటించాలి. ప్రోగ్రాము రాసేవాడి కష్టం ఇంకో రకం. ‘ఈ ప్యాకెట్లు ఆ క్యూకి’ అన్న తన ఒక్క కోరికను ఈ కార్డుకు ఎన్‌టపుల్ ఫిల్టరుగా, ఆ కార్డుకు ఫ్లో డైరెక్టరుగా రెండుసార్లు రాయాలి. ప్యాకెట్ రెండు నియమాలకూ సరిపోతే ఏది నెగ్గుతుందో ఒక్కో కార్డుది ఒక్కో తీరు. అన్ని కార్డులనూ ఒకేలా వాడుకునేలా చేయడం లైబ్రరీ ధర్మం. ఫిల్టర్ల దగ్గరికొచ్చేసరికి ఆ ధర్మం తప్పింది.

2017 ఫిబ్రవరిలో 17.02 కూర్పుతో వచ్చిన ఆర్‌టీఈ ఫ్లో ఈ గీతలన్నిటినీ చెరిపేసింది. అందులో ఫిల్టర్ రకాలు లేవు. నియమం అంటే రెండు భాగాలు: ప్యాకెట్ ఎలా ఉండాలన్న నమూనా, సరిపోతే ఏం చేయాలన్న చర్యలు. నమూనాను ప్యాకెట్ పొరల వరుసలోనే రాస్తారు. ముందు ఈథర్నెట్, ఆపైన ఐపీవీ4, ఆపైన టీసీపీ, ఒక్కో పొరలో ఏ బిట్లు చూడాలో, వేటిని వదిలేయాలో తెలిపే మాస్క్. చర్యలూ అలాగే వరుసగా వస్తాయి. లెక్కపెట్టు, గుర్తు వెయ్యి, ఫలానా క్యూకి పంపు, లేదా పారెయ్యి. పాత పద్ధతి తొమ్మిది రకాల అచ్చు ఫారాలున్న కౌంటరు లాంటిదైతే, ఇది కావలసింది తెల్లకాగితం మీద రాసిచ్చే అర్జీ లాంటిది. అర్జీని ఏ గదికి పంపాలో కార్యాలయం చూసుకుంటుంది, అంటే డ్రైవర్ చూసుకుంటుంది.

రెండిటి మధ్య తేడాను పట్టిచ్చే చిన్న వివరం ఒకటుంది. పాత ఏపీఐలోని రెండో ఫంక్షన్‌ను ‘నీకు ఈ రకం ఫిల్టర్ తెలుసా’ అని మాత్రమే అడగొచ్చు. తెలుసు అన్నంత మాత్రాన మన నియమం అందులో పడుతుందన్న హామీ లేదు. ఫలానా మాస్క్‌ను ఆ కార్డు ఒప్పుకోకపోవచ్చు, పట్టిక నిండిపోయి ఉండొచ్చు. ఆర్‌టీఈ ఫ్లోలో వ్యాలిడేట్ అనే పిలుపు నియమం మొత్తాన్ని తీసుకుని, ఇది ఈ కార్డులో సాధ్యమా కాదా చెబుతుంది. కాకపోతే నమూనాలో ఏ భాగం దగ్గర తట్టుకుందో చూపి, కారణాన్ని మాటల్లో చెప్పే వీలు కూడా డ్రైవర్‌కు కల్పిస్తుంది. రాత్రి రెండు గంటలకు సర్వర్ ముందు కూర్చుని, నియమం ఎందుకు పడలేదో తెలియక తల పట్టుకున్న ఇంజినీరుకు ఈ తేడా ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

కొత్తది ఇంత మెరుగైనదైతే పాతదాన్ని మరుసటి కూర్పులోనే తీసేయొచ్చు కదా? తీసేయలేరు. ఆర్‌టీఈ ఫ్లో లైబ్రరీలోకి వచ్చిందంటే, నియమాలు అడిగే పద్ధతి వచ్చిందనే అర్థం. ఆ అడిగినదాన్ని కార్డు రిజిస్టర్లలో రాసే పనిని ప్రతి డ్రైవరూ విడిగా నేర్చుకోవాలి. డీపీడీకేలో డ్రైవర్లు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఒక్కోదాన్ని ఒక్కో సంస్థ ఇంజినీర్లు తమ వీలును బట్టి చూసుకుంటారు. అందుకే మొదట వెలువడిన నోటీసులో తేదీ లేదు. పాత ఏపీఐ స్థానాన్ని కొత్తది తీసుకుంటోంది, ఎక్కువ డ్రైవర్లు మారాక తొలగింపు ఎప్పుడో నిర్ణయిస్తామని మాత్రమే ఉంది. ఇలా గడువు లేకుండా వదిలేయడం సరైనదేనా అని వాదించొచ్చు. తేదీ లేకపోతే కదలిక రాదన్నది నిజం. కానీ అందుకోలేని తేదీ పెట్టి దాన్ని పదేపదే వాయిదా వేస్తే, తర్వాత ఏ నోటీసునూ ఎవరూ నమ్మరు. ఆ మొదటి నోటీసులోని నిజాయితీనే నేను సమర్థిస్తాను.

ఆ నాలుగేళ్లలో డ్రైవర్లలో జరిగినదే ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఇంటెల్ ఇక్స్‌జీబీఈ డ్రైవర్‌ను చూడండి. 82599 చిప్‌ను నడిపేది ఇదే. కొత్త ఏపీఐ నుంచి నమూనా రాగానే అది దాన్ని చదివి, ‘ఇది ఎన్‌టపుల్‌కు సరిపోతుందా? కాకపోతే ఈథర్‌టైప్‌కా? సిన్‌కా? ఫ్లో డైరెక్టర్‌కా?’ అని ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తుంది. దేనికి సరిపోతే ఆ పాత నిర్మాణంలోకి వివరాలు నింపి, ఆపైన రిజిస్టర్లలోకి రాసే పనిని ముందున్న కోడ్‌కే అప్పగిస్తుంది. అంటే కొత్త భాషను పాత భాషలోకి అనువదించుకుంటుంది. చిప్‌లో ఆ గదులు నిజంగానే ఉన్నాయి కాబట్టి అది న్యాయమే. మెలనాక్స్ ఎంఎల్‌ఎక్స్5 డ్రైవర్‌లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. అక్కడ పాత ఫ్లో డైరెక్టర్ కోరిక వస్తే, డ్రైవర్ దాన్ని కొత్త నమూనాగా, చర్యలుగా మార్చుకుని తన ఫ్లో యంత్రాంగానికి ఇచ్చేది. రెండూ ఒకే లైబ్రరీలో, పక్కపక్క ఫోల్డర్లలో ఉండేవి. పాత ఏపీఐ ఎవరి చిప్ ఆకారంలో పుట్టిందో ఈ రెండు అనువాదాలు ఎదురెదురుగా నిలబడి సాక్ష్యం చెప్పాయి.

రెండు దారులూ తెరిచి ఉంచడానికి అయ్యే ఖర్చు చిన్నది కాదు. ఒకే పోర్టుకు రెండు దారుల్లోనూ నియమాలు వస్తే, కార్డులోని ఆ పరిమితమైన చోటును రెండూ పంచుకోవాలి. ఒకదాంట్లో చేర్చిన నియమం రెండోదానికి తెలిసే ఏర్పాటును డ్రైవర్ రచయిత విడిగా చూసుకోవాలి. ప్రతి కూర్పుకూ రెండింటినీ పరీక్షించాలి. పాత నిర్మాణాలకు ఒక్క ఫీల్డు చేర్చినా వాటి పరిమాణం మారి, ముందే కంపైల్ చేసుకున్న ప్రోగ్రాములు దెబ్బతింటాయి కాబట్టి వాటిని ముట్టుకోవడానికి లేదు. కొత్తగా చేరిన ఇంజినీరు ఏది నేర్చుకోవాలో తెలియక రెండూ చదువుతాడు. హైదరాబాద్‌లో ఇంటెల్, మార్వెల్, ఏఎండీ వంటి చిప్ సంస్థల డిజైన్ కేంద్రాలున్నాయి. మన పిల్లలు చాలామంది ఇలాంటి రంగంలోకే అడుగుపెడుతున్నారు. తొలి ఉద్యోగంలో చేతికొచ్చే పని తరచుగా కొత్త సృష్టి కాదు, ఇలా రెండు తరాల కోడ్ కలిసి కాపురం చేస్తున్న చోటును అర్థం చేసుకోవడం. దాన్ని చిన్న పనిగా చూడకండని వారికి చెప్పాలనిపిస్తుంది.

తేదీ చివరకు ఎలా ఖరారైంది? 2019 నవంబరు నాటి 19.11 కూర్పుతో డీపీడీకే ఒక క్రమశిక్షణ పెట్టుకుంది. కంపైల్ అయిన ప్రోగ్రాముకూ లైబ్రరీకీ మధ్య ఉండే ఒప్పందాన్ని, అంటే ఏబీఐని, ఏడాది పాటు కదిలించకూడదు. ఏదైనా విరగ్గొట్టాల్సి వస్తే నవంబరు కూర్పులోనే విరగ్గొట్టాలి. అంతకు ముందే నోటీసు పెట్టాలి, ఆ మార్పు అవసరమేనని సముదాయంలో కనీసం ముగ్గురు ఒప్పుకోవాలి. మధ్యలో పొరపాటున ఒప్పందం చెడకుండా పాత, కొత్త లైబ్రరీ ఫైళ్లను పోల్చి చూసే పనిముట్లు ఆటోమేటిక్‌గా నడుస్తుంటాయి. ఈ నియమం కింద తర్వాత తెరుచుకునే కిటికీ 2020 నవంబరు. ఎక్కువ డ్రైవర్లు అప్పటికే మారిపోయాయి. నోటీసులో ‘20.11లో తొలగిస్తాం’ అని తేదీ పడింది. అది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఇక తొలగింపు. లైబ్రరీలోని రెండు ఫంక్షన్లను ముందే చెరిపేస్తే వాటిని పిలిచే కోడ్ ఎక్కడికక్కడ కంపైల్ కాకుండా ఆగిపోతుంది. అందుకని పైనుంచి కిందికి రావాలి. ముందు వాడేవాటిని, అంటే ఉదాహరణ ప్రోగ్రాములను, టెస్ట్‌పీఎండీ అనే పరీక్షా ప్రోగ్రామును చూడాలి. అందులో పాత ఫిల్టర్ల కోసం పోగుపడ్డ ఆదేశాలన్నిటినీ వాటి వివరణలతో సహా తీసేయాలి. తర్వాత డ్రైవర్లు. ఒక్కో డ్రైవర్‌లో పాత పిలుపులు అందుకునే భాగాన్ని కోసేయాలి, కానీ ఆర్‌టీఈ ఫ్లో కింద నుంచి వాడుకుంటున్న కోడ్‌కు కత్తి తగలకూడదు. చిట్టచివర లైబ్రరీ ఫంక్షన్లు, బయటికి కనిపించే పేర్ల పట్టికలో వాటి వరుసలు. ఇలా ముక్కలు ముక్కలుగా చేసిన ప్రతి మెట్టు దగ్గరా మొత్తం లైబ్రరీ కంపైల్ కావాల్సిందే. రేపెప్పుడో ఒక దోషం బయటపడి, అది ఏ మార్పుతో వచ్చిందో చరిత్రను సగానికి సగం చీల్చుకుంటూ వెతికే ఇంజినీరుకు మధ్యలో నడవని మెట్టు ఒక్కటి తగిలినా వెతుకులాట చిక్కులో పడుతుంది.

ఈ క్రమంలో ఒక సంగతి స్పష్టంగా తేలింది. తొమ్మిది ఫిల్టర్ల నిర్వచనాలు అన్నీ చెరిగిపోలేదు. ఎన్‌టపుల్, ఈథర్‌టైప్ వంటి నిర్మాణాలు కొన్ని డ్రైవర్ల కడుపులో ఇంకా బతికే ఉన్నాయి, ఇక్స్‌జీబీఈ అనువదించుకునేది వాటిలోకే కదా. వాటిని అందరికీ కనిపించే హెడర్ నుంచి తీసి, డ్రైవర్లు మాత్రమే చూసే లోపలి హెడర్‌లోకి మార్చారు. పోయింది కోడ్ కన్నా ముఖ్యంగా ఒక వాగ్దానం. ‘ఈ నిర్మాణాన్ని మీరు నమ్ముకోవచ్చు’ అని బయటివారికి ఇచ్చిన మాటను వెనక్కి తీసుకున్నారు. ఇకమీదట దాని ఆకారం మార్చినా, పేరు మార్చినా ఎవరినీ అడగనక్కర్లేదు. డ్రైవర్ రచయితకు ఇంటర్‌ఫేస్ తొలగింపు ఇచ్చే స్వేచ్ఛ ఇదే. వాడుకరులకు కనిపించే పోర్టు అమరికలో ఫ్లో డైరెక్టర్‌కు సంబంధించిన భాగం ఒకటి ఆ తర్వాత కూడా మిగిలింది. అది బయటి ముఖం నుంచి తప్పుకోవడానికి 22.11 దాకా, అంటే మరో రెండేళ్లు పట్టింది.

బయట ప్రోగ్రాములు రాసుకున్నవారి మాటేమిటి? ఇబ్బంది పడలేదంటే అబద్ధమవుతుంది. వారి కోడ్ 20.11తో కంపైల్ కాదు. పాత లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాము కొత్త లైబ్రరీ సంఖ్యను చూసి అసలు మొదలే కాదు. అలా ఆగడమే మంచిది, లోపల పొసగకుండా నడిచి ప్యాకెట్లను తప్పు క్యూల్లో వేయడం కన్నా. వారికి దక్కిన ఊరట వేరే చోట ఉంది. 19.11 దీర్ఘకాలం నిర్వహించిన కూర్పు, అందులో పాత, కొత్త ఏపీఐలు రెండూ ఉండేవి. అక్కడే ఉండి, ఒక్కో నియమాన్నీ ఆర్‌టీఈ ఫ్లోలో తిరగరాసి, రెండిటి ఫలితాలూ పోల్చుకుని, నమ్మకం కుదిరాక 20.11కు మారే వీలుండేది. పాతదీ కొత్తదీ కలిసి ఉన్న కూర్పు ఒకటి చాలాకాలం అందుబాటులో ఉండటం, నా లెక్కలో, నోటీసుల కన్నా ఎక్కువ మేలు చేసింది. నోటీసు చదివేవారు తక్కువ. రెండు దారులూ పరీక్షించుకునే చోటు దొరికితే చదవనివారు కూడా బయటపడతారు.

హ్యాష్ ఫిల్టర్ వాడినవారి మార్పు కాస్త వేరుగా ఉంది. రెండు కంప్యూటర్ల మధ్య సంభాషణలో అటు వెళ్లే ప్యాకెట్లు, ఇటు వచ్చేవి ఒకే కోర్‌కు చేరాలని ఫైర్‌వాల్స్ కోరుకుంటాయి. పంపేవాడు, అందుకునేవాడు తారుమారైనా ఒకే విలువ ఇచ్చే సౌష్ఠవ హ్యాష్ దానికి కావాలి. పాత పద్ధతిలో దాన్ని పోర్టుకో, మొత్తం కార్డుకో వర్తించే మీటలా నొక్కేవారు. కొత్త పద్ధతిలో అది ఒక నియమంలోని చర్య అయిపోయింది, ఫలానా రకం ప్యాకెట్లకు ఇలా హ్యాష్ చెయ్యి అని రాయాలి. పని అదే, ఆలోచించే తీరే మారాలి. ఇలాంటి చోట పేరు వెతికి పేరు మార్చే యాంత్రిక పద్ధతి పనికిరాదు, మనిషి కూర్చుని చదవాల్సిందే.

పాత ఇంటర్‌ఫేస్‌ను ఎలా సాగనంపాలన్న ఇదే సమస్యను లినక్స్ కెర్నెల్ రెండు కొసల్లో పరిష్కరించుకుంది. వాడుకరి ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను దాదాపు ఎన్నడూ తప్పదు. నెట్‌వర్క్ కార్డుల జాబితా అడగడానికి 1980లలో బీఎస్‌డీ యునిక్స్ నుంచి వచ్చిన ఐయాక్టల్ పిలుపులు నేటికీ పలుకుతాయి, పాత ఇఫ్‌కాన్ఫిగ్ ప్రోగ్రాము నడిచేది వాటి మీదే. కెర్నెల్ లోపల డ్రైవర్లకు మాత్రం ఏ హామీ లేదు. ఇంటర్‌ఫేస్ మార్చినవారే, కెర్నెల్ చెట్టులో ఉన్న డ్రైవర్లన్నిటినీ సరిచేసి పెడతారు. డీపీడీకే ఈ రెండిటి నడుమ ఇరుక్కుంది. దాని డ్రైవర్లు దాని దగ్గరే ఉన్నాయి, వాటిని సరిచేయగలదు. దాన్ని వాడే ప్రోగ్రాములు మాత్రం టెలికాం సంస్థల, సెక్యూరిటీ సంస్థల గోడల వెనుక ఉన్నాయి. వాటిని చూడలేదు, సరిచేయలేదు. చేయగలిగిందల్లా ముందుగా చెప్పడం, గడువివ్వడం, గడువుకు కట్టుబడటం.

అదే లైబ్రరీలో తర్వాత జరిగిన ఇంకో తొలగింపు ఇంత సాఫీగా సాగలేదు. డీపీడీకే చేతిలో ఉన్న ప్యాకెట్లను అవసరమైనప్పుడు కెర్నెల్‌కు అప్పగించడానికి కేఎన్‌ఐ అనే భాగం ఉండేది. దానికి ఒక కెర్నెల్ మాడ్యూల్ కావాలి, అది లినక్స్ చెట్టు బయట ఉండేది. లినక్స్ లోపలి ఇంటర్‌ఫేస్ మారినప్పుడల్లా దాన్ని ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. 2023 నవంబరు నాటి 23.11 కూర్పులో దాన్ని తీసేశారు. బదులుగా చూపినది అలాంటిదే ఇంకో ఏపీఐ కాదు, లినక్స్‌లో ముందునుంచే ఉన్న వీహోస్ట్‌తో మాట్లాడే వర్టియో యూజర్, ట్యాప్ వంటి దారులు. ఫిల్టర్ల విషయంలో కోడ్ తిరగరాస్తే సరిపోయింది. కేఎన్‌ఐ వాడినవారు తమ వ్యవస్థ అమరికనే మళ్లీ గీసుకోవాల్సి వచ్చింది.

ఇక ఆర్‌టీఈ ఫ్లో. దాని తొలి రోజుల్లో సెకనుకు కొన్ని వేల నియమాలు చేర్చగలిగితే గొప్ప. తర్వాత క్లౌడ్ సర్వర్లలో ఒక్కో టీసీపీ సంభాషణకు ఒక్కో నియమాన్ని కార్డులోనే పెట్టాలన్న ఆలోచన బలపడింది. సంభాషణలు పుడుతూ, ముగుస్తూ ఉంటాయి. నియమాలు సెకనుకు లక్షల్లో మారాలి. ప్రతి నియమానికీ నమూనాను మొదటి నుంచీ చదివి, అర్థం చేసుకుని, కార్డు ఒప్పుకునేదాకా ఆగే 2017 నాటి పద్ధతి అంత వేగాన్ని తట్టుకోలేదు. 2022 మార్చిలో వచ్చిన 22.03 కూర్పులో టెంప్లేట్ల పద్ధతి చేరింది. నమూనా ఆకారాన్ని, చర్యల ఆకారాన్ని ముందే ఒకసారి చెప్పి పెట్టుకోవాలి, తర్వాత విలువలు మాత్రం క్యూలో వేస్తూ పోవాలి, కార్డు జవాబు కోసం ఆగనక్కర్లేదు. అందుకు తగ్గ హార్డ్‌వేర్ అన్ని కార్డుల్లోనూ లేదు. అందుకని ఇప్పుడు లైబ్రరీలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. డ్రైవర్ రచయితలు మళ్లీ రెండిటినీ పరీక్షిస్తున్నారు.